శనివారం రాత్రి ఇంట్లో సినిమా, ఎనిమిది మందికి పిజ్జా: ఓటీజీలో అడుగు ఉడకడం లేదు, ఏం చేయాలి?

నిజాంపేట_వంటిల్లు

అందరికీ నమస్కారమండీ. మాది హైదరాబాద్. వచ్చే శనివారం మా ఆడపడుచు వాళ్లు నలుగురూ విజయవాడ నుంచి వస్తున్నారు. ఇక్కడ మేం నలుగురం: నేను, మావారు, బాబు, అత్తయ్యగారు. మావారు ఈమధ్యే చిన్న ప్రొజెక్టర్ కొన్నారు, హాల్లో తెల్లగోడ మీద సినిమా వేసుకుని, కింద పరుపులు పరుచుకుని అందరం కలిసి చూద్దామని ప్లాన్. తిండి బయటి నుంచి తెప్పిద్దామంటే నేనే వద్దన్నాను. ఎందుకంటే పిల్లలు నాలుగు నెలల క్రితం ఒక మంచి రెస్టారెంట్‌లో కట్టెల పొయ్యి మీద కాల్చిన పిజ్జా తిన్నారు, అప్పటి నుంచి "అత్తా, అలాంటిది ఇంట్లో చెయ్యవా" అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నారు. వాళ్లకి నా చేత్తో చేసి పెట్టాలని ఉంది.

ఇప్పటికి రెండుసార్లు చేసి చూశాను, రెండుసార్లూ కుదరలేదు. మా దగ్గర 28 లీటర్ల ఓటీజీ, అంటే కరెంటుతో నడిచే చిన్న ఓవెన్ ఉంది, 250 డిగ్రీల వరకు వెళ్తుంది. రెండోసారి చేసింది వివరంగా చెప్తాను, తప్పు ఎక్కడ జరిగిందో మీరే చెప్పండి. రెండు కప్పుల మైదా, రెండు చెంచాల ఈస్ట్, చెంచా పంచదార, ఉప్పు, గోరువెచ్చని నీళ్లు. గంటసేపు మూత పెట్టి ఉంచితే ఈ ఎండలకి గిన్నె అంచు దాటి పొంగింది. అప్పడాల కర్రతో ఒత్తి, ఓటీజీతో వచ్చిన నల్ల ట్రేలో వేసి, మిక్సీ పట్టిన పచ్చి టమాటా గుజ్జు రాసి, చీజ్ వేసి, 200 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు పెట్టాను. తీసి చూస్తే చీజ్ గోధుమరంగులోకి వచ్చేసింది, అంచులు బిస్కెట్ లాగా కటకటలాడుతున్నాయి, మధ్యలో మాత్రం తెల్లగా, తడితడిగా, ముక్క పట్టుకుంటే కిందకి వేలాడిపోతోంది. నోట్లో పెట్టుకుంటే ఈస్ట్ వాసన.

ఇంకో రెండు విషయాలు. శనివారం కాబట్టి ఇంట్లో నీచు వండం, అన్నీ వెజ్జే. అత్తయ్యగారు ఆ రోజు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు, ఆవిడకి వేరుగా ఒకటి చేయాలి. చీజ్‌లో జంతువుల నుంచి తీసేది ఏదో కలుపుతారని ఎక్కడో విన్నారట, అది కూడా అడుగుతున్నారు. రెండోది టైమింగ్. సినిమా జరుగుతుంటే నేను వంటింట్లో ఉండిపోవడం నాకు ఇష్టం లేదు, నాకూ చూడాలని ఉంటుంది కదా. ఎనిమిది మందికి వేడివేడిగా ఎలా పెట్టాలో అర్థం కావడం లేదు, ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది.

వైజాగ్_ఓవెన్

నేను ఆరేళ్లుగా ఇంటి నుంచే బ్రెడ్, పిజ్జా ఆర్డర్లు చేస్తున్నానండీ, నాదీ మామూలు ఓటీజీయే. మీ పిండిలో చిన్న చిన్న తప్పులు ఉన్నాయి, అవి తర్వాత చూద్దాం. అసలు తప్పు వేడిలో ఉంది.

చల్లటి పెనం మీద దోసె పోస్తే ఏమవుతుంది? అంటుకుపోతుంది, రంగు రాదు, ఎంతసేపు ఉంచినా ఎండుతుందే తప్ప కాలదు. మీ పిజ్జాకి అదే జరిగింది. చల్లటి పల్చటి ట్రేలో పచ్చి పిండి పెట్టారు, ఆ ట్రే వేడెక్కేసరికే పది నిమిషాలు పోయాయి. ఈలోపు పై రాడ్ దగ్గరగా ఉండి చీజ్‌ని మాడ్చేసింది, అంచుల్లో తేమ మొత్తం పోయింది, మధ్యలో టమాటా నీరు పిండిలోకి దిగింది. ఇటలీలోని నేపుల్స్‌లో పిజ్జా చేసేవాళ్ల కట్టెల పొయ్యి 430 డిగ్రీల పైన ఉంటుంది, వాళ్లకి ఒక్కో పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో అయిపోతుంది. అక్కడ కింద రాతి నేల కాలుతూ ఉంటుంది, పిండి దాని మీద పడగానే పొంగుతుంది. మనకి 250 మించి లేదు కాబట్టి ఆ రాతి నేల పని ఇంకొకటి చేయాలి.

మీ ఇంట్లో ఇనప దోసె పెనం ఉందా? నాన్‌స్టిక్ కాదు, ప్లాస్టిక్ పిడీ చెక్క పిడీ లేని పాత రకం బరువైన పెనం. లేకపోతే స్టీలు సామాన్ల కొట్లో దొరుకుతుంది. దాన్ని ఓటీజీలో కింది నుంచి రెండో అరలో పెట్టి, పైనా కిందా రెండు రాడ్లూ ఆన్ చేసి, 250 దగ్గర కనీసం 40 నిమిషాలు వేడెక్కనివ్వండి. ఓటీజీ లైటు ఆరిపోగానే వేడెక్కిపోయిందనుకుంటాం, అది లోపలి గాలి వేడి మాత్రమే, ఇనుముకి చాలా టైం పడుతుంది. తలుపు తీసి పెనం మీద రెండు చుక్కలు నీళ్లు చిలకరిస్తే అవి ముత్యాల్లా దొర్లి మాయమవ్వాలి. అప్పుడే పిజ్జా లోపలికి వెళ్లాలి. నీళ్లు అద్దం తలుపు మీద పడకుండా చూసుకోండి, కాలుతున్న అద్దం పగలొచ్చు.

పెనం మీదకి జార్చడమే కొత్తవాళ్లకి కష్టం. పల్చటి చెక్క పలకగానీ, బోర్లించిన స్టీలు ట్రేగానీ తీసుకుని, దాని మీద బొంబాయి రవ్వ పల్చగా చల్లి, దాని మీద పిజ్జా సిద్ధం చేయండి. సాస్ వేసే ముందు ఒకసారి పలకని అటూ ఇటూ ఊపి చూడండి, పిండి కదలాలి. సాస్ వేశాక ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు, తడి దిగిందంటే అంటుకుపోతుంది. భయంగా ఉంటే బటర్ పేపర్‌ని (ఓవెన్‌లో పెట్టే బేకింగ్ రకం) పిజ్జా అంత గుండ్రంగా కత్తిరించి దాని మీద చేయండి, మూడు నిమిషాలయ్యాక పిండి గట్టిపడుతుంది, అప్పుడు పట్టకారుతో కాగితం లాగేయండి. మొత్తం 7 నుంచి 9 నిమిషాలు. అడుగున గరిటె పెట్టి లేపి చూస్తే దోసె అడుగులా ఎర్ర మచ్చలు కనిపించాలి.

అప్పడాల కర్ర మాత్రం ముట్టుకోకండి. పిండిలో ఉన్న గాలి మొత్తం దానితో పోతుంది. మధ్యలో నుంచి వేళ్లతో నొక్కుకుంటూ, అంచు చుట్టూ వేలెడు వెడల్పు వదిలేయండి. ఆ వదిలిన అంచే తర్వాత బుడగలు బుడగలుగా పొంగుతుంది.

చీజ్ గురించి అత్తయ్యగారు అడిగింది సరైన ప్రశ్నే. పాలు విరగడానికి వాడే రెన్నెట్ దూడ పొట్ట నుంచి కూడా తీస్తారు, విదేశీ చీజ్‌లు కొన్నింటిలో అదే ఉంటుంది. మన దగ్గర ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే అందులో జంతువుల నుంచి తీసిన రెన్నెట్ ఉండదు. ప్యాకెట్ తిప్పి ఆవిడకే చూపించండి.

నిజాంపేట_వంటిల్లు

చాలా థాంక్సండీ. దోసె పోలికతో మొత్తం అర్థమైంది. ఇనప పెనం మా అమ్మ ఇచ్చింది అటక మీద ఉంది, ఇవాళే దింపించాను, చుట్టూ చిలుం పట్టి ఉంది, తోమి నూనె రాసి పెడతాను. మరి పిండి కొలతలు ఎవరైనా గ్రాముల్లో చెప్తారా? కప్పులతో చేస్తే ప్రతిసారీ వేరేలా వస్తోంది. మా ఇంట్లో చిన్న త్రాసు ఉంది.

డల్లాస్_తెలుగు

పిండి గురించి నేను చెప్తానండీ. మేం ఇక్కడ ప్రతి రెండో శుక్రవారం నాలుగు తెలుగు కుటుంబాలం ఎవరో ఒకరింట్లో సినిమా పెట్టుకుంటాం, పిజ్జా బాధ్యత నాదే. మా ఓవెన్ 550 ఫారన్‌హీట్, అంటే 288 డిగ్రీల దాకా వెళ్తుంది, కింద మందపాటి ఉక్కు పలక పెట్టి కాలుస్తాను. కానీ ఇండియా వచ్చినప్పుడు మా అన్నయ్య వాళ్లింట్లో మైదాతో, ఓటీజీలోనే చేశాను కాబట్టి తేడా తెలుసు.

మీరు చేసిన పిండిలో ఈస్ట్ చాలా ఎక్కువ, టైం చాలా తక్కువ. రెండు కప్పుల మైదాకి రెండు చెంచాలంటే మీ అత్తయ్యగారు కూడా వాసన పట్టేస్తారు. ఈస్ట్ తగ్గించి ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచండి. చల్లదనంలో అది మెల్లగా పనిచేస్తుంది, ఆ టైంలో పిండికి రుచి వస్తుంది, సాగే గుణం కూడా వస్తుంది. మనం ఇడ్లీ పిండి రాత్రంతా ఎందుకు పులియబెడతామో ఇది కూడా అందుకే.

ఎనిమిది మందికి పది అంగుళాలవి ఐదు చాలు. మైదా 750 గ్రాములు, నీళ్లు 465 గ్రాములు, ఉప్పు 15, పంచదార 7, నూనె 15, ఇన్‌స్టంట్ ఈస్ట్ 2 గ్రాములు, అంటే ముప్పావు చెంచా కంటే కాస్త తక్కువ. ఇది ఒక్కో ఉండ 250 గ్రాముల చొప్పున ఐదు ఉండలు వస్తుంది. నేపుల్స్ వాళ్లు పంచదార, నూనె వేయరు, వాళ్ల మంటకి అవసరం లేదు. మన 250 డిగ్రీలకి అవి లేకపోతే రంగు రాదు, ఎండిపోతుంది. అక్కడి వీడియోలు చూసి కొలతలు తెచ్చుకుంటే ఇంటి ఓవెన్‌లో తెల్లగా, గట్టిగా వచ్చేది అందుకే.

ఈ ఎండల్లో గోరువెచ్చని నీళ్లు అసలు వద్దు, ఫ్రిజ్ నీళ్లే పోయండి. నీళ్లు, మైదా మాత్రం ముందు కలిపి తడిగుడ్డ కప్పి 20 నిమిషాలు వదిలేయండి, తర్వాత ఉప్పు, ఈస్ట్, నూనె, పంచదార వేసి పది నిమిషాలు పిసకండి. మొదట్లో చేతికి అంటుకుంటూ ఉంటుంది. అక్కడే చాలామంది గాభరాపడి మైదా ఇంకా ఇంకా వేసేస్తారు. వేయొద్దు. చేతికి రెండు చుక్కలు నూనె రాసుకుని పిసుకుతూ ఉంటే ఎనిమిదో నిమిషానికి బొబ్బట్ల పిండిలా మెత్తగా, నున్నగా అవుతుంది. చిన్న ముక్క తీసి రెండు చేతులతో పల్చగా సాగదీస్తే లైటు వెలుతురు అందులోంచి కనపడాలి, చిరగకూడదు. ఉండలు చేసి, నూనె రాసిన మూత డబ్బాల్లో విడివిడిగా పెట్టి శుక్రవారం సాయంత్రం ఫ్రిజ్‌లో పెట్టేయండి. శనివారం కాల్చడానికి గంటన్నర ముందు బయట పెడితే చాలు, మీ దగ్గర వేడికి గంటే చాలు. చల్లటి ఉండని సాగదీస్తే రబ్బరులా వెనక్కి లాక్కుంటుంది, అలా లాక్కుంటే బలవంతం చేయకుండా పది నిమిషాలు వదిలేయండి, దానంతటదే మెత్తబడుతుంది.

గోధుమపిండి వాడొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు. మొత్తం గోధుమపిండితో అయితే ఈ మెత్తదనం రాదు, అందులోని పొట్టు సాగే గుణాన్ని తెంపేస్తుంది. ఐదో వంతు వరకు కలపండి, రుచి కూడా బాగుంటుంది, ఒకటి రెండు చెంచాల నీళ్లు ఎక్కువ పోయండి.

మదనపల్లె_తోట

సాస్ సంగతి నాకు వదిలేయండి. మాది మదనపల్లె, టమాటా మార్కెట్‌కి ఎన్ని లారీలు వచ్చి పోతాయో చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగాను.

మీరు మిక్సీ పట్టిన పచ్చి గుజ్జు వేయడం వల్లే మధ్యలో తడి. ఇటలీలో సాస్ ఉడికించకుండా పచ్చిదే వేస్తారని చాలామంది చెప్తారు, నిజమే, కానీ వాళ్లు వాడేది వెసూవియస్ కొండ దగ్గర పండే సాన్ మార్జానో లాంటి కాయ, పొడుగ్గా ఉంటుంది, కండ ఎక్కువ, గింజలూ నీరూ తక్కువ. మన కాయలో నీరే ఎక్కువ. నాటు టమాటాకి పులుపు బాగుంటుంది, రసానికీ చారుకీ దాన్ని మించింది లేదు, పిజ్జాకి మాత్రం ఒంటరిగా పనికిరాదు. కోలగా, గట్టిగా ఉండే హైబ్రిడ్ కాయ మూడు వంతులు, నాటుది ఒక వంతు తీసుకోండి, బాగా ఎర్రగా పండినవి. కొని తెచ్చి రెండు రోజులు బయటే ఉంచండి, ఫ్రిజ్‌లో పెడితే రుచి చచ్చిపోతుంది.

కేజీ టమాటాలకి గాట్లు పెట్టి మరిగే నీళ్లలో నిమిషం ఉంచి తొక్క తీసేయండి. అడ్డంగా కోసి గింజలు, నీరు జల్లెడలోకి పిండేయండి. ఆ నీరు పారబోయకండి, మరుసటి రోజు చారులో వేసుకోవచ్చు. కండ మాత్రం చేత్తో నలిపి, వెడల్పాటి బాండీలో మూత లేకుండా, నూనె వేసి సన్నమంట మీద ఉడికించండి. మిక్సీ వేయొద్దు, మిక్సీ పడితే గాలి కలిసి రంగు నారింజలోకి మారుతుంది. గరిటెతో మధ్యలో గీత గీస్తే ఆ గీత రెండు క్షణాలు అలాగే నిలబడాలి, నీరు పరుగెత్తుకుంటూ వచ్చి కప్పేయకూడదు. అప్పటికి అది సుమారు 400 గ్రాములు అవుతుంది, ఒక్కో పిజ్జాకి మూడు నాలుగు పెద్ద చెంచాలు చాలు. ఉప్పు చివర్లో వేయండి. పులుపు ఎక్కువైతే చిటికెడు పంచదార.

అత్తయ్యగారికి వెల్లుల్లి బదులు ఆ నూనెలో ముందు చిటికెడు ఇంగువ వేసి పొంగనిచ్చి, ఆ తర్వాత టమాటా వేయండి. అదే సాస్ అందరికీ వాడేయొచ్చు, వెల్లుల్లి కావాల్సిన వాళ్లకి నూనెలో వేయించి పై నుంచి చల్లితే సరిపోతుంది, రెండు సాసులు చేసే పని తప్పుతుంది.

చీజ్ విషయంలో ఒక మాట. తురిమి ప్యాకెట్‌లో వచ్చేదానికి ముక్కలు అంటుకోకుండా పిండి లాంటిది పట్టిస్తారు, అది సరిగ్గా కరగదు. మొజరెల్లా దిమ్మ కొని ఇంట్లో తురుముకోండి. పిజ్జాకి 80 నుంచి 90 గ్రాములు, ఐదింటికీ కలిపి 450 లోపే. ఎక్కువ వేస్తే బాగుంటుందనుకుంటాం, నిజానికి ఎక్కువైతే నూనె తేలి మళ్లీ మధ్యలో తడే. నీళ్లలో ఊరే తాజా మొజరెల్లా కొంటే మాత్రం చేత్తో తుంచి శుభ్రమైన గుడ్డ మీద గంటసేపు పరిచి నీరు దించాలి. పనీర్ కరగదు, పాలు కాచి పులుపుతో విరగ్గొట్టింది కాబట్టి అది ఎంత వేడి చేసినా ముక్కలాగే ఉంటుంది. పైన అలంకారంగా వేసుకోవచ్చు.

పీజీ_పెనం

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. నేను బెంగళూరులో పీజీ వదిలేసి ఇద్దరు ఫ్రెండ్స్‌తో రూమ్ తీసుకున్నాను, మా దగ్గర ఓవెన్ లేదు, ఒక గ్యాస్ పొయ్యి మాత్రమే. ఇది చదివే వాళ్లలో నాలాంటి వాళ్లు ఉంటారు కాబట్టి చెప్తున్నా.

పైన చెప్పిన పిండితోనే చేయండి. ఇనప పెనం బాగా కాగాక, మంట మధ్యస్థంగా పెట్టి, సాగదీసిన పిండిని ఏమీ వేయకుండా దాని మీద వేయాలి. రెండు మూడు నిమిషాలకి అడుగున మచ్చలు వస్తాయి. అప్పుడు తిప్పేసి, కాలిన వైపు పైకి వచ్చింది కదా, దాని మీద సాస్, చీజ్ వేసి, మంట తగ్గించి, మూత పెట్టి ఐదు నిమిషాలు. రెండు వైపులా కాలింది కాబట్టి లోపల పచ్చి ఉండదు. మూతకి ఒక పల్చటి గుడ్డ చుట్టి పైన ముడి వేయండి, ఇది చాలా ముఖ్యం, లేకపోతే ఆవిరి నీళ్ల చుక్కలై చీజ్ మీద పడుతుంది. గుడ్డ అంచులు మంటకి తగలకుండా పైకి కట్టాలి. చీజ్ ఎర్రబడదు, కరుగుతుంది అంతే, కానీ రుచిలో లోటు ఉండదు. మేం ఆదివారం రాత్రి లాప్‌టాప్‌లో సినిమా పెట్టుకుని ఇలాగే తింటాం.

నిజాంపేట_వంటిల్లు

ఇంత వివరంగా రాసినందుకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఇక మిగిలింది రెండే. పైన ఏం వేస్తే రెస్టారెంట్‌లో తిన్నట్టు ఉంటుంది, రెండోది ఆ రోజు సాయంత్రం టైం ఎలా పంచుకోవాలి? సినిమా రెండు గంటల నలభై నిమిషాలు, ఏడున్నరకి మొదలుపెడదామనుకుంటున్నాం.

వైజాగ్_ఓవెన్

ముందు టైం. మన సినిమాలకి ఒక మంచి సౌకర్యం ఉంది కదా, ఇంటర్వెల్. ఓటీటీలో చూసినా మధ్యలో ఆ కార్డు వస్తుంది. సగం పిజ్జాలు సినిమాకి ముందు, సగం ఇంటర్వెల్‌లో అనుకోండి.

ఐదున్నరకి ఉండలు బయట పెట్టండి. ఆరింటికి ఓటీజీ ఆన్. ఆరు నలభైకి పెనం సిద్ధం. ఇప్పుడు ఇంటర్వెల్‌లో కావాల్సిన మూడింటినీ ముందు సగం కాల్చేయండి: పిండి సాగదీసి, పల్చగా సాస్ మాత్రం రాసి, చీజ్ లేకుండా మూడున్నర నిమిషాలు. రంగు రాకముందే తీసేయాలి, గట్టిపడితే చాలు. తీసి జల్లెడ మీద ఆరబెట్టండి, పళ్లెంలో పెడితే కింద చెమట పట్టి మెత్తబడుతుంది. ఆ తర్వాత మిగిలిన రెండూ పూర్తిగా కాల్చి ఏడున్నరలోపు అందరికీ తలా రెండు ముక్కలు పెట్టేయండి. ఒక్కోదానికి మధ్య ఐదు నిమిషాలు తలుపు మూసి పెనం మళ్లీ వేడెక్కనివ్వాలి. తర్వాత ఓటీజీ ఆపేసి సినిమాకి కూర్చోండి. ఇంటర్వెల్‌కి పావుగంట ముందు మీ బాబునో మీవారినో లేచి మళ్లీ 250కి ఆన్ చేయమనండి, పెనం అప్పటికి పూర్తిగా చల్లారి ఉండదు. కార్డు పడగానే చీజ్, మిగతావి వేసి ఒక్కోటి ఐదు నిమిషాలు. ఇంటర్వెల్ కాస్త పొడుగవుతుంది, ఫర్వాలేదు, పెద్దవాళ్లకి కాళ్లు చాపుకునే టైం. తీశాక రెండు నిమిషాలు ఆగి కత్తెరతో కోయండి, వంటింటి కత్తెర అయితే చీజ్ జారిపోదు.

పైన వేసేవి: ఏది వేసినా ముందే దాని నీరు దించి వేయాలి, నా నియమం అదొక్కటే. పుట్టగొడుగులు పొడి బాండీలో నీరంతా ఇంకేదాకా వేయించి, దించేముందు దంచిన మిరియాలు. క్యాప్సికం గ్యాస్ మంట మీద తొక్క నల్లబడేదాకా కాల్చి, తొక్క తీసి పొడుగ్గా చీల్చి వేయండి, గుత్తి వంకాయల సైజు వంకాయలు చక్రాలుగా కోసి ఉప్పు రాసి వేయించి వేయండి. ఉల్లిపాయ తినేవాళ్లకి, మూడు పెద్ద ఉల్లిపాయలు సన్నమంట మీద నలభై నిమిషాలు కలుపుతూ ఉంటే తేనె రంగులోకి, పిడికెడంత ముద్దలోకి దిగుతాయి, ఆ తియ్యదనం ముందు ఏ సాసూ నిలవదు. ఇది శుక్రవారమే చేసి పెట్టుకోండి.

రెస్టారెంట్ రుచి కోసం ఇంకొకటి. గుంటూరు ఎండుమిర్చి నాలుగు, పొడిగా వేయించి కచ్చాపచ్చాగా దంచి, రెండు చెంచాల తేనెలో కలిపి ఉంచండి. వంకాయ పిజ్జా తీశాక పైన సన్నగా ధారలా పోయండి. ఒకదాన్ని మామూలు మార్గరీటాగా, అంటే సాస్, చీజ్, బేసిల్‌తోనే ఉంచండి, పిల్లలు అదే తింటారు, అత్తయ్యగారికీ అదే. బేసిల్ ఆకులు దొరికితే పిజ్జా బయటికి తీశాకే వేయండి, మన ఓవెన్‌లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ముందే వేస్తే నల్లబడుతుంది. కుండీలో సబ్జా మొక్క ఉంటే అదీ బేసిల్ జాతే, దాని ఆకు వాడుకోవచ్చు. పూజ తులసి మాత్రం వద్దు, లవంగం ఘాటు వస్తుంది, పైగా మీ అత్తయ్యగారు ఒప్పుకోరు.

నిజాంపేట_వంటిల్లు

ఆదివారం మధ్యాహ్నం రాస్తున్నాను, నిన్న ఏం జరిగిందో మీ అందరికీ చెప్పకుండా ఉండలేను.

శుక్రవారం పిండి పిసికేటప్పుడు నిజంగానే ఆరో నిమిషంలో మైదా డబ్బా మీదకి చేయి వెళ్లింది, డల్లాస్_తెలుగు గారి మాట గుర్తొచ్చి ఆగాను. పదో నిమిషానికి ముద్ద చెవి తమ్మెలా మెత్తగా అయింది. శనివారం డబ్బా మూత తీస్తే ఉండ మీద చిన్న చిన్న బుడగలు, ఈస్ట్ వాసన లేదు, కొద్దిగా మజ్జిగ లాంటి పులుపు వాసన.

మొదటిది పాడైంది. సాస్ రాసి, మూత డబ్బాలో చీజ్ కోసం వెతుకుతూ రెండు మూడు నిమిషాలు పలక మీదే వదిలేశాను, జారిస్తే సగం జారి సగం అంటుకుని మడత పడింది. మా ఆడపడుచు గబగబా వచ్చి అట్లకాడతో దాన్ని పూర్తిగా మడిచేసి కజ్జికాయలా అంచులు నొక్కింది, అలాగే కాల్చాం, పిల్లలు దాన్నే ముందు లాక్కుని తిన్నారు. తర్వాత నుంచి అన్నీ వరసగా పేర్చి పెట్టుకుని, బటర్ పేపర్ వాడాను, ఒక్కటీ అంటుకోలేదు. అడుగు చూస్తే ఎర్ర మచ్చలు, అంచు చుట్టూ బుడగలు, ముక్క పట్టుకుంటే నిటారుగా నిలబడింది. ఫొటో తీయడం కుదరలేదు, చేతులన్నీ పిండి.

అత్తయ్యగారికి చీజ్ ప్యాకెట్ మీద చుక్క చూపించాను, కళ్లజోడు పెట్టుకుని చదివి సరేనన్నారు. మార్గరీటా రెండు ముక్కలు తిని, ఇంటర్వెల్ తర్వాత ఇంకోటి అడిగారు. ఇంగువ వేశానని చెప్పకముందే ఆవిడే కనిపెట్టారు. వంకాయ, మిర్చి తేనె వేసింది పెద్దవాళ్లకి బాగా నచ్చింది, మావారు ఆ గిన్నెలో మిగిలిన తేనె ఇవాళ పొద్దున దోసెతో కూడా తిన్నారు. ఇంటర్వెల్ మాత్రం ఇరవై ఐదు నిమిషాలు పట్టింది, పిల్లలు కథ ఏమవుతుందో అని గొడవపడుతూ వంటింట్లోనే నిలబడ్డారు. సినిమా మొత్తం నేను కూడా చూశాను.

ఒక ప్రశ్న మిగిలింది. మొదటిది మడత పెట్టేశాం కాబట్టి భయపడి ఇంకో ఉండ అదనంగా కలిపాను, అది మిగిలిపోయి ఫ్రిజ్‌లో ఉంది. ఎన్ని రోజులు ఉంటుంది?

డల్లాస్_తెలుగు

చాలా సంతోషంగా ఉందండీ. మూత గట్టిగా ఉంటే మంగళవారం వరకు బాగుంటుంది, రుచి ఇంకా పెరుగుతుంది కూడా. నాలుగో రోజు దాటితే జిగురుగా, పుల్లగా అయిపోతుంది. మీకు టైం లేకపోతే రేపు సాయంత్రం బాబుకి పెనం మీద, పైన పీజీ తమ్ముడు చెప్పిన పద్ధతిలో కాల్చి పెట్టండి, ఒక్కదాని కోసం ఓటీజీ నలభై నిమిషాలు వేడి చేయనక్కర్లేదు.